పద్యంలో చెక్కుచెదరని సంఖ్య 64-బిట్ ఫోన్‌లో ఎందుకు తప్పుతోంది?

ముందు ఒక చిన్న టెస్ట్. మీ ఫోన్‌లో ఎక్సెల్ యాప్ ఉంటే ఓపెన్ చేసి, ఖాళీ గడిలో ఈ సంఖ్య కొట్టండి:

18446744073709551615

మొత్తం 20 అంకెలు. ఇప్పుడు ఆ గడి ఫార్మాట్‌ని నంబర్‌గా మార్చి చూడండి. 18446744073709500000 అని కనిపిస్తుంది. చివరి ఐదు అంకెలు మాయం, వాటి స్థానంలో సున్నాలు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. మీరు ఇచ్చింది ఒకటి, అది దాచుకుంది ఇంకొకటి.

జావాస్క్రిప్ట్ తెలిసినవాళ్లు బ్రౌజర్ కన్సోల్‌లో ఇదే సంఖ్య కొట్టండి. అక్కడ 18446744073709552000 వస్తుంది. ఇదీ తప్పే, కాకపోతే వేరే తప్పు.

మీ ఫోన్ ఫ్లాగ్‌షిప్ అయినా, పది వేల లోపు బడ్జెట్ ఫోన్ అయినా రిజల్ట్ మారదు. ప్రాసెసర్ 64-బిట్, ఓఎస్ 64-బిట్. ఈ సంఖ్య కూడా సరిగ్గా 64 బిట్లలో పట్టేదే. అయినా తప్పుతోంది. అదే సంఖ్యని మన తెలుగు పద్యం ఒకటి ఒక్క అంకె కూడా పోకుండా ఇప్పటిదాకా మోసుకొచ్చింది.

ఇదేదో లెక్కల పిచ్చోళ్ల గొడవలే అని స్క్రోల్ చేసేయకండి. మా ఇంట్లో దీనివల్ల డబ్బులు ఆగిపోయాయి.

మా అవ్వ పాల దుడ్లు

మా అవ్వది పాకాల దగ్గర పల్లె. రెండు ఆవులు, పొద్దున ఒక క్యాను, సాయంత్రం ఒక క్యాను. పాల లెక్క పదిహేను రోజులకొకసారి నేరుగా బ్యాంక్ ఖాతాలో పడుతుంది. ఒకసారి పడలేదు. తర్వాతి పదిహేను రోజులూ పడలేదు. తిరుపతిలో ఉన్న నాకు ఫోన్ వచ్చింది.

"ఏమబ్బయా, నా పాల దుడ్లు యాడికి పొయినాయి? ఫోన్లు, కంప్యూటర్లు అని రాస్తుంటావు గదా, చూడు రవ్వంత."

ఆదివారం వెళ్లి, పాలు పోయించుకునే చోట అడిగాను. "మేం పంపించాం, బ్యాంక్ నుంచి వెనక్కి వచ్చింది" అన్నారు. బ్యాంక్‌లో అడిగితే "మాకు అసలు రాలేదు" అన్నారు. మూడోసారి వెళ్లినప్పుడు అక్కడి కుర్రాడు కంప్యూటర్‌లో షీట్ తెరిచి చూపించాడు. అవ్వ పాస్‌బుక్‌లో ఖాతా నంబర్ 16 అంకెలు, చివరి అంకె 7. షీట్‌లోనూ 16 అంకెలే ఉన్నాయి, కానీ చివరిది 0. కింద ఉన్న పేర్లు చూశాను. 16 అంకెల ఖాతా ఉన్న ప్రతి ఒక్కరి నంబరూ సున్నాతోనే ముగిసింది.

ఎవరూ దొంగతనం చేయలేదు. ఆ కుర్రాడు తప్పు టైప్ చేయలేదు కూడా. పాత రిజిస్టర్‌ని కొత్త షీట్‌లోకి ఎక్కించాడంతే. 15 అంకెలు దాటాక ఏముందో ఆ షీట్ దాచుకోదు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నెలన్నర తర్వాత డబ్బులు పడ్డాయి. అప్పుడు అవ్వ అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"సున్నాకి యిలవ ల్యాదంటారే. మరి ఒక్క సున్నా నా దుడ్లు ఇన్ని దినాలు ఎట్ల ఆపింది?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే తగిలింది పైన చెప్పిన 20 అంకెల సంఖ్య.

చదరంగం గింజల లెక్క

కథ మీకు తెలిసే ఉంటుంది. చదరంగం కనిపెట్టినవాణ్ణి రాజు ఏం కావాలో కోరుకోమంటాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడి గడికీ రెట్టింపు చేస్తూ 64 గడులు నింపమంటాడు. ఇంతేనా అని రాజు నవ్వుతాడు. లెక్క వేశాక నవ్వు ఆగిపోతుంది.

మొత్తం గింజలు 2 ఘాతం 64లోంచి ఒకటి తీసేస్తే వచ్చేన్ని. అదే మన 18446744073709551615. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 1 లక్ష 84 వేల 467 కోట్ల కోట్లు. ఒక్కో వడ్లగింజ 25 మిల్లీగ్రాములు అనుకుంటే, మొత్తం బరువు సుమారు 46 వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే వడ్లతో పోలిస్తే దాదాపు ఆరు వందల ఏళ్ల పంట.

ఈ సంఖ్యని చెప్పే తెలుగు పద్యం ఒకటి ఉంది. పావులూరి మల్లన పేరు మీద చెప్పుకునే చంపకమాల అది. మల్లన 11వ శతాబ్దపు వాడని చెబుతారు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చినవాడు. తెలుగులో తొలి గణిత గ్రంథం అనగానే వినిపించే పేరు ఆయనదే.

ఆ పద్యంలో అంకెలు ఉండవు, అన్నీ మాటలే. ఒక్కో మాటా ఒక్కో అంకె. చంద్రుడు ఒక్కడే కాబట్టి 1. అగ్నులు మూడు కాబట్టి 3. వేదాలు 4. మన్మథుడి బాణాలు 5. దిగ్గజాలు 8. ఒంట్లో రంధ్రాలు 9. ఆకాశం అంటే శూన్యం, అంటే 0. ఇక 7కి ఏం వాడాడో తెలుసా? కొండ. శాస్త్రం ప్రకారం అవి కులపర్వతాలు. మన తిరుపతోళ్లకి మాత్రం కొండ అంటే ఏడని ఎవరూ చెప్పక్కర్లేదు!

ఈ పద్ధతికి భూతసంఖ్యలు అని పేరు. ఒకే అంకెకి చాలా మాటలు ఉండటం ఇందులో సౌకర్యం. ఈ సంఖ్యలో 7 మూడుసార్లు వస్తుంది. పద్యంలో ఒకచోట నగ, ఒకచోట భూధర, ఇంకోచోట గిరి అని కనిపిస్తుంది. అన్నీ కొండలే. ఛందస్సులో ఎక్కడ ఏది సరిపోతే అది పెట్టుకోవచ్చు.

ఇక ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకి నచ్చే విషయం. పద్యం ఒకట్ల స్థానంతో మొదలవుతుంది. అంటే మొదటి మాట 5, తర్వాత 1, తర్వాత 6, అలా వెనక నుంచి ముందుకి నడుస్తుంది. అంకెలు ఎడమవైపుకి కదులుతాయన్నది ఆ పద్ధతి సూత్రం. మీ ఫోన్ ప్రాసెసర్ కూడా మెమరీలో సంఖ్యని చిన్న బైట్‌తోనే మొదలుపెట్టి దాస్తుంది. దాన్ని లిటిల్ ఎండియన్ అంటాం. కూడిక ఎప్పుడూ ఒకట్ల స్థానం నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ వరుస ఇద్దరికీ పనికొచ్చింది.

ఈ సంఖ్యలో అంత స్పెషల్ ఏముంది?

మొదటిది. బైనరీలో రాస్తే ఇది వరుసగా 64 ఒకట్లు. చదరంగం బల్లని రిజిస్టర్ అనుకోండి. ఒక్కో గడి ఒక్కో బిట్. అన్ని బిట్లూ ఆన్ అయితే వచ్చే సంఖ్య ఇదే. అందుకే 64-బిట్ అన్‌సైన్డ్ ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య కూడా ఇదే. రాజు గోదాం నింపడం, ఫోన్ రిజిస్టర్ నింపడం ఒకటే లెక్క.

రెండోది. దీనికి ఇంకొక్క గింజ కలిపితే ఏమవుతుంది? కాగితం మీద 18446744073709551616 అవుతుంది. 64-బిట్ రిజిస్టర్‌లో మాత్రం సున్నా అవుతుంది. పాత బైక్ మీటర్ 99999 దాటాక మళ్లీ 00000 చూపించినట్టు. ఒక్క గింజ ఎక్కువైతే రాశి మొత్తం గల్లంతు. దీన్నే ఓవర్‌ఫ్లో అంటాం.

మూడోది. ఇది ప్రధాన సంఖ్యా? కాదు. చివర 5 ఉంది కాబట్టి 5తో భాగించవచ్చు. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది. అది 3తో పోతుంది, 9తో పోదు. కాబట్టి మన సంఖ్యా అంతే. పూర్తిగా విడగొడితే ఇలా వస్తుంది:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఈ వరుస ఊరికే రాలేదు. బల్లని సగానికి సగం మడుస్తూ పోండి. 64 బిట్ల సంఖ్య ముందు 2 ఘాతం 32కి ఒకటి కలిపిన సంఖ్యగా, మిగిలిన 32 బిట్లుగా విడిపోతుంది. ఆ 32 మళ్లీ 16గా, 8గా, 4గా, 2గా. ప్రతి మడతకీ ఒక ముక్క బయటికి వస్తుంది. ఆ ముక్కలని ఫెర్మా సంఖ్యలు అంటారు. ఫెర్మా ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలే అనుకున్నాడు. 1732లో ఆయిలర్ వచ్చి, 4294967297 అనే ముక్క 641 × 6700417 అని చూపించాడు. అంతటి ఫెర్మా అంచనా కూడా 641 అనే మూడంకెల సంఖ్య దగ్గర ఆగిపోయింది.

వీటిలో 65537 మీకు రోజూ పని చేసిపెడుతోంది. సెక్యూర్ వెబ్‌సైట్ల ఆర్‌ఎస్‌ఏ కీలలో పబ్లిక్ ఎక్స్‌పోనెంట్‌గా దాదాపు ఎక్కడ చూసినా ఇదే. చదరంగం గింజల రాశిలోంచి బయటికి తీసిన ముక్క ఒకటి మీ బ్రౌజింగ్‌కి కాపలా కాస్తోందన్నమాట.

ఇంకో చిన్న తమాషా. రెండుని రెట్టింపు చేస్తూ తయారైన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఒక్కసారి కూడా లేదు. కావాలంటే పైకి వెళ్లి చూసుకోండి.

32 నుంచి 64కి ఎంత దూరం?

స్పెక్ షీట్‌లో 32-బిట్, 64-బిట్ అని చూసి రెట్టింపు అనుకుంటాం. కాదు. 32-బిట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 4294967295, అంటే 429 కోట్ల చిల్లర. సెకనుకి 300 కోట్ల అంకెలు లెక్కపెట్టే ఫోన్ ఉందనుకుందాం. 32-బిట్ హద్దు దాకా లెక్కపెట్టడానికి దానికి సెకనున్నర కూడా పట్టదు. 64-బిట్ హద్దు చేరడానికి సుమారు 195 ఏళ్లు పడుతుంది.

ఇంత తేడా ఉంది కాబట్టే 32-బిట్ హద్దులు మనకి కళ్లముందే తగిలాయి. 4 జీబీ ర్యామ్ గోడ దానివల్లే వచ్చింది. 2014 డిసెంబర్‌లో గంగ్నమ్ స్టైల్ వీడియో వ్యూస్ 2147483647 దాటినప్పుడు, కౌంటర్‌ని 64-బిట్‌కి మార్చుకున్నామని యూట్యూబ్ చెప్పింది. ఇంకో గోడ ముందుంది. 32-బిట్‌లో టైమ్ దాచుకునే పాత సిస్టమ్స్‌లో 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే, తేదీ 1901 డిసెంబర్‌కి దూకుతుంది. మీ ఇంట్లో పాత టీవీ బాక్స్, సీసీ కెమెరా డీవీఆర్ ఉంటే గుర్తుపెట్టుకోండి. 64-బిట్ టైమ్‌కి ఈ బాధ 29 వేల కోట్ల ఏళ్ల దాకా లేదు. విశ్వం వయసే సుమారు 1,380 కోట్ల ఏళ్లు.

అలాగని 64 బిట్లు అనంతం కాదు. 64-బిట్ కీతో లాక్ చేసిన ఒక మెసేజ్‌ని ప్రపంచమంతా వాలంటీర్లు తమ కంప్యూటర్లు కలిపి, 1,757 రోజులు కష్టపడి 2002లో తెరిచేశారు. అందుకే ఇవాళ ఎన్‌క్రిప్షన్ 128 బిట్ల నుంచి మొదలవుతుంది.

వాట్సాప్ ఫార్వర్డ్ తో నా గొడవ

ఈ పద్యం గురించి అప్పుడప్పుడు ఒక ఫార్వర్డ్ తిరుగుతుంటుంది. "మన పూర్వీకులకి వెయ్యేళ్ల క్రితమే 64-బిట్ కంప్యూటర్ తెలుసు, తెలుగోడివైతే షేర్ చెయ్" అని. నేను షేర్ చేయను. మీరూ చేయకండి.

పద్యం నచ్చక కాదు, చాలా నచ్చింది కాబట్టే. కంప్యూటర్ తెలుసనడం అబద్ధం. పైగా ఈ సంఖ్య మన ఒక్కరి సొత్తు కూడా కాదు. క్రీ.శ. 1000 ప్రాంతంలోనే అల్ బిరూనీ ఇదే చదరంగం లెక్కని చివరి అంకె దాకా రాసిపెట్టాడు. 64 గడుల బల్ల ఉన్న ప్రతిచోటా ఎవరో ఒకరు ఈ లెక్క వేస్తారు. 64 బిట్ల రిజిస్టర్ వచ్చాక అదే సంఖ్య అందులోనూ ప్రత్యక్షమవుతుంది. అది గణితం గొప్పతనం.

మరి పద్యం గొప్పతనం ఏమిటి? సంఖ్యని పాడవకుండా దాచడం. మన ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధనా సంస్థలో తాళపత్రాలు ఉన్నాయి. ఎప్పుడైనా అవకాశం దొరికితే చూడండి. ఒక ఆకు శిథిలమయ్యేలోపు ఇంకో ఆకు మీదికి ఎత్తి రాయాలి. రాసేవాడికి నిద్ర వస్తుంది, కళ్లు మసకబారతాయి. ఇరవై అంకెల్లో ఒకటి మారితే ఎవరు పట్టుకుంటారు?

చంపకమాల పట్టుకుంటుంది. పాదానికి 21 అక్షరాలు, ఏ అక్షరం గురువో ఏది లఘువో ఖరారు. యతి, ప్రాస ఉండనే ఉన్నాయి. ఒక మాట జారిపోతే నడక కుంటుతుంది, చదివేవాడి చెవికి తెలిసిపోతుంది. మనం డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌కి చెక్‌సమ్ చూసుకున్నట్టే. ఇది వంద శాతం గ్యారంటీ కాదు. శర బదులు గిరి అని రాస్తే రెండూ రెండేసి లఘువులే, నడక చెడదు, కానీ 5 కాస్తా 7 అయిపోతుంది. అప్పుడు రెట్టింపు లెక్క మళ్లీ వేసి సరిచూసుకోవడమే దారి. రెండు కాపలాలు ఉన్నాయి కాబట్టే సంఖ్య క్షేమంగా వచ్చింది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఏంటంటే, పద్యం ఆ సంఖ్యని విలువగా దాచలేదు, ఇరవై మాటల వరుసగా దాచింది. మన భాషలో చెప్పాలంటే నంబర్‌గా కాదు, టెక్స్ట్‌గా.

తప్పు ఎక్కడ జరుగుతోంది?

ఇప్పుడు మా అవ్వ ప్రశ్నకి వద్దాం.

64 బిట్లు ఉన్నా వాటిని ఎలా వాడుకున్నామన్నదే అసలు విషయం. ఇంటీజర్‌గా వాడితే 64 బిట్లూ అంకెలకే. ఎక్సెల్, జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలని అలా దాచవు. దశాంశాలు, అతి పెద్దవి, అతి చిన్నవి అన్నీ ఒకే పెట్టెలో పట్టాలని ఫ్లోటింగ్ పాయింట్ వాడతాయి. అందులో ఒక బిట్ గుర్తుకి, 11 బిట్లు దశాంశ బిందువు ఎక్కడుందో చెప్పడానికి పోతాయి. అంకెలకి మిగిలే ఖచ్చితత్వం 53 బిట్లు. అంటే 9007199254740992 దాకా, మన లెక్కలో సుమారు 90 కోట్ల కోట్ల దాకా, ప్రతి పూర్ణాంకం భద్రం. ఆ పైన కొన్ని సంఖ్యలకి అసలు చోటే లేదు. మన చదరంగం సంఖ్య దగ్గరికి వచ్చేసరికి 2048 సంఖ్యలకి ఒక్కటే కుర్చీ. దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి పని అయిపోయిందంటుంది. ఎక్సెల్ ఇంకా జాగ్రత్తపడి 15 అంకెల దగ్గరే గీత గీసి, మిగతావి సున్నా చేస్తుంది.

దూరం కొలవడానికి, యావరేజ్ తీయడానికి ఇది చక్కగా సరిపోతుంది. తిరుపతి నుంచి చిత్తూరు దూరంలో పదహారో అంకె ఎవడిక్కావాలి? కానీ ఖాతా నంబర్ దూరం కాదు. అందులో చివరి 7కీ మొదటి 7కీ ఒకటే విలువ. దాన్ని ఎవరూ కూడరు, హెచ్చవేయరు. అది అంకెలతో రాసిన పేరు. పేరుని రౌండ్ చేయం కదా?

పెద్ద పెద్ద కంపెనీలకే ఈ దెబ్బ తగిలింది. 2010లో ట్విట్టర్ 64-బిట్ ట్వీట్ ఐడీలకి మారినప్పుడు జావాస్క్రిప్ట్‌లో చివరి అంకెలు తప్పుతాయని తెలిసి, అదే ఐడీని టెక్స్ట్ రూపంలో కూడా విడిగా పంపడం మొదలుపెట్టింది. ఇంకా వెనక్కి వెళ్తే 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఆరియాన్ 5 తొలి రాకెట్ ఎగిరిన సుమారు 40 సెకన్లకే నాశనమైంది. 64-బిట్ ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యని 16-బిట్ ఇంటీజర్‌లో కూరబోతే పట్టలేదు. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. రాకెట్ లేచినప్పుడల్లా మిద్దె ఎక్కి చూసే మనకి ఇది వేరే దేశం కథలా అనిపించకూడదు.

రాకెట్ పోతే ఎంక్వైరీ కమిటీ వేస్తారు, రిపోర్ట్ వస్తుంది. పాల డబ్బులు ఆగితే అవ్వ మూడుసార్లు బస్సెక్కుతుంది, అంతే. నాకు కోపం తెప్పించేది ఈ తేడానే.

నేను అడిగేది ఏంటంటే

మన శ్రీసిటీలో 2015 నుంచి స్మార్ట్‌ఫోన్లు తయారవుతున్నాయి. రేణిగుంట పక్కన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. ఫోన్ అంటే మనకి బయటినుంచి వచ్చే వస్తువు కాదు. అందుకే మనం అడగాల్సిన ప్రశ్నలు కూడా కొంచెం లోతుగా ఉండాలి.

రివ్యూలు రాసే మనకి ముందు చెబుతాను. అన్‌టుటు స్కోర్ ఎంతో రాస్తాం, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్సో రాస్తాం. "64-బిట్ ఆక్టాకోర్" అని కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు దించేస్తాం. చిప్ 64-బిట్ అయినా ర్యామ్ కలిసొస్తుందని 32-బిట్ ఆండ్రాయిడ్ ఎక్కించి అమ్మిన చవక ఫోన్లు చాలా వచ్చాయి. బాక్స్ మీద రాసింది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజం కూడా కాదు. సీపీయూ-జెడ్ లాంటి యాప్‌లో కెర్నల్ ఆర్కిటెక్చర్ అన్న లైన్ చూడటానికి అర నిమిషం పడుతుంది. చివర 64 అని ఉందో లేదో చూసి రివ్యూలో ఒక్క ముక్క రాద్దాం. ఇకనుంచి నేను రాస్తాను.

మంచి ఉంటే మంచీ చెప్పాలి. గూగుల్ క్యాలిక్యులేటర్ యాప్‌లో 2 ఘాతం 64 మైనస్ 1 కొట్టండి. ఫలితాన్ని పక్కకి జరిపితే చివరి 5 దాకా కరెక్ట్‌గా చూపిస్తుంది. దాన్ని తయారుచేసినవాళ్లు ఖచ్చితమైన లెక్క కోసం ప్రత్యేకంగా కష్టపడ్డారు. అంటే చేయాలనుకుంటే అదే ఫోన్‌లో చేయొచ్చు. ఎవరో ఒకరు పట్టించుకోవాలి, అంతే తేడా.

ఇక యాప్స్ రాసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో చదువుతూ డెయిరీకో, కిరాణా కొట్టుకో, ట్యూషన్ సెంటర్‌కో చిన్న చిన్న యాప్స్ చేసిపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్క రూల్ పెట్టుకోండి: కూడనిది, హెచ్చవేయనిది ఏదైనా టెక్స్ట్. ఖాతా నంబర్, కార్డ్ నంబర్, ఆర్డర్ ఐడీ, రోల్ నంబర్, అన్నీ. జావాలో లాంగ్ వాడితే సరిపోతుంది కదా అనకండి. అందులో ఒక బిట్ గుర్తుకి పోతుంది కాబట్టి హద్దు చదరంగం బల్లలో సగమే, 9223372036854775807. పైగా సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్లు ఉన్నాయి. లాంగ్‌లో పెట్టారంటే ఆ ముందు సున్నా ఎగిరిపోతుంది.

షీట్స్‌లో పని చేసేవాళ్లకి ఇంకా తేలిక. నంబర్లు టైప్ చేయకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చండి. ముందే చేయాలి. తర్వాత మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. ఇది మీ ఊళ్లో పాల లెక్క రాసే కుర్రాడికి, డ్వాక్రా లెక్కలు చూసే అక్కకి ఒకసారి చూపించండి. రెండు నిమిషాల పని.

"అందరూ సరిచూసుకోవాలి, యాప్ తప్పేముంది" అని కొందరంటారు. నేను ఒప్పుకోను. అంకె దాచలేనప్పుడు "దాచలేను" అని చెప్పడం యాప్ బాధ్యత. పదహారో అంకె కొట్టగానే "ఇది ఖాతా నంబరా? టెక్స్ట్‌గా పెట్టనా?" అని ఒక్క మాట అడిగితే చాలు. స్పెల్లింగ్ తప్పితే ఎర్రగీత గీసే యాప్‌కి, అంకె మార్చేసేటప్పుడు నోరు రాదా?

ఆ షీట్‌లో కాలమ్ మార్చి, పాస్‌బుక్ చూసి నంబర్లన్నీ మళ్లీ కొట్టించాక అవ్వకి ఫోన్ చేసి చెప్పాను. సున్నాకి విలువ లేదన్నది నిజమేగానీ, ఏ గడిలో కూర్చుందన్నదాన్ని బట్టి ఉంటుందని. ఆమె ఒక క్షణం ఆగి అంది:

"అయితే ఇంగమీదట నంబరు రాపిచ్చుకోను. ఒక్కొక్క అంకె నోటితో చెప్పిచ్చి రాయిస్తా."

పావులూరి మల్లన పేరుతో ఉన్న ఆ పద్యం చేసిందీ అదే.